ఐదో ఇడ్లీ

రత్నాకర్ సార్ కొత్తవాళ్లను కలిస్తే పేరు అడిగేవారు కాదు. వయసు అడిగేవారు.

"ఎన్నేండ్లు నీకు?"

బస్సులో పక్క సీటాయననైనా, తార్నాక చౌరస్తాలో మిర్చీలు వేసే ఆమెనైనా, కరెంటు మీటరు చూడటానికి ఇంటికొచ్చిన మనిషినైనా అదే ప్రశ్న. జవాబు వచ్చిందంటే రెండోది సిద్ధంగా ఉండేది. "ఏ ఏరియా?" మూడోది గొంతు తగ్గించి అడిగేవారు. "ఒంటి మీద మచ్చలు, పొలుసులు ఏమన్న ఉన్నయా?" ఇక్కడికి వచ్చేసరికి సగం మంది లేచిపోయేవారు. మిగిలిన సగాన్ని నాలుగో ప్రశ్న లేపేది.

"ఐదు ఎంఎల్ రక్తం ఇస్తవా? దోమలకు ఎట్లనో ఇస్తనే ఉన్నవు, ఒక పూట నాకియ్యి."

ఆ తరవాత కూడా కదలకుండా కూర్చున్నవాళ్లు చాలా తక్కువ. కూర్చున్నవాళ్లను మాత్రం సార్ జన్మలో వదల్లేదు. అలా కూర్చుండిపోయిన వాళ్లలో నేనొకదాన్ని. ఇరవై ఏడేళ్లు, స్త్రీ, అడిక్‌మెట్. ఆయన పుస్తకంలో నా వివరం అంతే. పద్మశ్రీ అనే నా పేరు ఆయన నోట రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆయనకు మతి సరిగానే ఉందని ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేవి వింటే మీకు అనుమానం వస్తుంది. సార్ క్యాంపస్‌లో పరిశోధన చేసేవారు. సోరియాసిస్ అని ఒక చర్మవ్యాధి ఉంది. మోచేతుల మీద, మోకాళ్ల మీద, కొందరికి అరచేతుల్లో కూడా ఎర్రటి మచ్చలు లేచి, తెల్లటి పొట్టు రాలుతుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. చూసేవాళ్లు మాత్రం అంటుతుందనే అనుకుంటారు. ఆ జబ్బు ఉన్నవాళ్లలో, ఎండ వల్ల మన ఒంట్లో తయారయ్యే విటమిన్ డి ఎంత ఉంటుంది, దాన్ని చర్మం సరిగా వాడుకుంటుందా లేదా అన్నది సార్ ప్రశ్న.

జబ్బు ఉన్న మనిషి రక్తం ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. అదే వయసు, ఆడైతే ఆడ, మగైతే మగ, అదే పేట, అదే ఎండ, చర్మం మాత్రం బాగున్న ఇంకో మనిషి రక్తం పక్కన పెట్టుకుని చూడాలి. శాస్త్రంలో ఆ రెండో మనిషికి వేరే పేరేదో ఉంది. సార్ 'జత' అనేవారు. ఆయనకు నూట ఇరవై మంది రోగులు కావాలి, వాళ్లకు నూట ఇరవై మంది జతలు కావాలి.

"రోగులకేం తక్కువ లేదు బిడ్డా, దవాఖానోళ్లు పంపుతరు. మంచిగున్నోడే దొరకడు. మంచిగున్నోనికి నాతోని ఏం పని?"

అందుకే మంచిగా ఉన్నవాళ్ల కోసం ఊరంతా వేట. భుజానికి ఒక నీలం ఐస్ డబ్బా, చేతిలో నోటు పుస్తకం.

ఒకసారి లాలాగూడకు చెందిన నలభై ఒక్కేళ్ల మగవాడు కావలసి వచ్చాడు. మూడు నెలలుగా దొరకడం లేదు. ఒక రోజు తార్నాకలో సార్ ఎక్కిన ఆటో మల్లన్నది.

"ఎన్నేండ్లు నీకు?"

"నలభై ఒకటి సార్."

"ఏ ఏరియా?"

"లాలాగూడ సార్. రైల్వే క్వార్టర్ల ఎన్క."

సార్ ముందుకు వంగారట. "సిగరెట్ తాగుతవా?"

"లేదు సార్."

"మందు?"

"దావత్‌లైతే జర..."

"దావత్‌లకు పర్వాలేదు. ఎన్ని రోజుల సంది తిరుగుతున్ననయ్యా నీ కోసం!" అని సార్ ఐస్ డబ్బా మూత తీశారు.

మల్లన్న అద్దంలో ఆ డబ్బా చూశాడు. లోపల మంచు, సూదులు, గాజు గొట్టాలు. ఆటోను తీసుకెళ్లి నేరుగా మెట్టుగూడ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ ముందు ఆపాడు.

"అన్నా, జర చూడు! కిడ్నీలు తీసే గ్యాంగు! నా వయసు గిట్ల మొత్తం అడుగుతున్నడు!"

కానిస్టేబుల్ లాఠీతో ఐస్ డబ్బాను తట్టి, "ఏంది పెద్దమనిషీ ఇది?" అన్నాడు. సార్ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, చాలా మర్యాదగా అడిగారు.

"మీకెన్నేండ్లు?"

ముప్పై నాలుగు. నల్లకుంట. ఒంటి మీద మచ్చ లేదు. మల్లన్న పంతొమ్మిదో జత అయ్యాడు, కానిస్టేబుల్ ఇరవై రెండో జత.

సార్ భార్య వాసంతి మేడం లాలాగూడలో టీచరు. ఆయనతో పెళ్లిళ్లకు వెళ్లడం ఆమె ఎప్పుడో మానేశారు. "మా చెల్లె కొడుకు పెండ్లిల ఐదు ఎంఎల్‌ల డబ్బ ఎత్తుకోని వచ్చిండు," అని చెప్పేవారు. నీలం డబ్బాకు ఆమె పెట్టిన పేరు అది. "పోరగాండ్లు కుల్ఫీ అనుకోని ఎంబడి పడ్డరు. ఆయనేమో యాభై రెండేండ్ల ఆడమనిషిని దేవులాడుకుంట పోయి, పెండ్లికొడుకు తల్లిని, మా చెల్లెనే, నీకెన్నేండ్లు, పక్కానా, సర్టిఫికెట్ ఉన్నదా అని అడిగిండు. అడిగేసరికి ఆమె కన్నతల్లా కాదా అని ఆడపెండ్లోళ్లల్ల ఒకటే గుసగుస. ముహూర్తం అర్ధగంట ఆగింది."

"మరి ఆమె రక్తం ఇచ్చిందా మేడం?"

"ఇయ్యకేం చేస్తది? ఇస్తే గని ఆయన మండపం దిగెటట్టు లేడు."

మేడం పుట్టినరోజు సార్‌కు తారీఖుతో సహా గుర్తు. పెళ్లిరోజు మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కసారీ గుర్తు లేదు. "దానికి జత వెతికే పని లేదు గద," అనేవారు మేడం.

ఇక నియమాలు. రోగీ, జతా ఒకే రోజు రావాలి, ఎందుకంటే ఎండాకాలం విటమిన్ వేరు, వానాకాలం విటమిన్ వేరు. ఒకే గంటకు రావాలి. పరగడుపున రావాలి. ఇలా ఏడు నియమాలున్నాయి. ఏడోది అన్నింటికన్నా గట్టిది: రక్తం ఇచ్చాక ఇద్దరూ ల్యాబు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పళ్లెంలో నాస్తా చేయాలి.

"ఒకే పళ్లెం ఎందుకు సార్?" అని ఎవరైనా అడిగితే సార్ ముఖం గంభీరంగా పెట్టేవారు. "తిండిల తేడా వస్తే లెక్క మొత్తం చెడిపోతది."

సైన్సు కదా. మేమంతా తల ఊపేవాళ్లం.

ఇడ్లీలు సార్ ఇంటి నుంచే డబ్బాలో వచ్చేవి. పెద్ద స్టీలు పళ్లెం, మధ్యలో పల్లీల చట్నీ, చుట్టూ ఐదు ఇడ్లీలు. ఎప్పుడూ ఐదే. రక్తం తీసే టెక్నీషియన్ లక్ష్మీనర్సయ్యకు ఈ లెక్క మింగుడు పడేది కాదు.

"సార్, ఇద్దరికి ఐదేంది? నాలుగన్న పెట్టుండ్రి, లేకుంటే ఆరన్న పెట్టుండ్రి."

"మా ఇంట్ల కుక్కర్‌ల గన్నే పడుతయి నర్సయ్యా."

"నూట ఇరవై మందిని లెక్క తప్పకుంట జత చేస్తున్నరు, ఇడ్లీలు లెక్కవెట్టరాదాయె."

సార్ వినిపించుకునేవారు కాదు.

ఇప్పుడు నా సంగతి. ఇది అంత గొప్పగా చెప్పుకునేది కాదు.

ఎనిమిదేళ్ల కింద నేను తెలుగులో పరిశోధన చేస్తూ అడిక్‌మెట్‌లో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. నడిపేది మొగిలి అన్న. వంట చేసేది బాలలక్ష్మి. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చింది, వంటింటి పక్క గదిలోనే ఉంటుంది, రొట్టె చేస్తే పొంగని రొట్టె ఉండదు. ఒక రోజు వడ్డిస్తుంటే చీర కొంగు జారి ఆమె చేతులు కనబడ్డాయి. అరచేతుల్లో ఎర్రగా పగుళ్లు, మోచేతి దాకా తెల్లటి పొలుసులు.

ఆ పూట సగం మంది రొట్టెలు వదిలేశారు. సాయంత్రం మీటింగు పెట్టుకున్నాం. కంప్లెయింటు ఎవరు రాయాలి? తెలుగు చదివిందాన్ని నేనే కదా. రాశాను. నా థీసిస్‌లో కూడా అంత మంచి వచనం లేదు. 'అన్నము పెట్టు హస్తములే అనుమానమునకు తావిచ్చుచున్నవి' అని ఒక వాక్యం కుదిరింది. దాన్ని రెండుసార్లు పైకి చదివి వినిపించాను కూడా. కింద పద్నాలుగు సంతకాలు, మొదటిది నాది.

మొగిలి అన్న కాయితం చదివి గడ్డం గోక్కున్నాడు. "ఆదివారం దాకా చూస్త. అంటురోగం కాదని డాక్టర్ రాసిస్తే ఉంటది. లేకుంటే వేరేటోళ్లను మాట్లాడుకుంట. నేనేం చెయ్యాలె మరి?"

అది సోమవారం. గురువారం పొద్దున హాస్టల్ గేటు దగ్గర నీలం డబ్బాతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. బట్టతల, నలిగిన చొక్కా, జేబులో నాలుగు పెన్నులు. నన్ను చూడగానే అడిగారు.

"ఎన్నేండ్లు నీకు?"

గొడవకు దిగుదామనుకున్నాను. ఆ ముఖం చూస్తే దిగబుద్ధి కాలేదు. "ఇరవై ఏడు."

"ఏ నెల?"

"మార్చి."

"మచ్చలు, పొలుసులు?"

"ఏమీ లేవు," అన్నాను కొంచెం గర్వంగానే.

"అద్గది! అరవై నాలుగుకు జతవు నువ్వు. రేపు పొద్దున ఎనిమిదింటికి, పరగడుపున. అంతా మంచిగున్నోళ్లే కావాలె నాకు."

ఆయన నోట 'మంచిగున్నోళ్లు' అనే మాట వింటే ఏదో పతకం తగిలించినట్టు ఉండేది. మరునాడు తలస్నానం చేసి మరీ వెళ్లాను.

ల్యాబులో కుర్చీ మీద కూర్చున్న అరవై నాలుగో రోగి బాలలక్ష్మి.

నన్ను చూడగానే ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. నేను గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను. లక్ష్మీనర్సయ్య ముందు ఆమె రక్తం తీసి, తరవాత నాది తీసి, రెండు గొట్టాలనూ పక్కపక్కన మంచులో గుచ్చాడు. చూడటానికి రెండూ ఒకే ఎరుపు. తరవాత వరండాలోకి పంపారు. బెంచీ మీద పళ్లెం. పళ్లెంలో ఐదు ఇడ్లీలు.

"నాకు ఆకలి లేదు సార్," అన్నాను.

"ఏడో నియమం."

"క్లాసుంది సార్."

"ఏడో నియమం బిడ్డా. నువ్వు తినకుంటే రెండు గొట్టాలు పారబోసుడే. నీదేం పోదు, ఇంకెవరినన్న పట్టుకొస్త. కని ఆమె దవాఖాన కాయితం నా లెక్క మీదనే ఉన్నది. మళ్ల జత దొరికేసరికి ఆదివారం దాటుతది."

సార్ దగ్గరికి వెళ్లి చెవిలో అడిగాను. "అంటుకోదు కదా సార్?"

సార్ గుసగుసలాడటం చేతగాని మనిషి. వరండా అంతా వినబడేలా అన్నారు. "ముప్పై ఏండ్ల సంది ఈ చేతులే పట్టుకుంటున్న! నాకు అంటుకున్నది ఈ పిచ్చొక్కటే!"

నా చెవులు కాలిపోయాయి. వచ్చి కూర్చున్నాను. పళ్లెంలో నా వైపు అంచున ఉన్న ఇడ్లీ, దాని పక్క ఇడ్లీ తిన్నాను. ఆమె తన వైపువి రెండు తింది. చట్నీ గిన్నెలో కూడా నేనొక ఒడ్డున, ఆమె ఒక ఒడ్డున. మధ్యలో ఐదోది మిగిలింది.

ఐదు నిమిషాలు దాన్ని చూస్తూ కూర్చున్నాం. సార్ తలుపు దగ్గర నిలబడి, "ఖాళీ పళ్లెం కనబడితే గని సంతకం పెట్ట," అన్నారు.

"మీరు తినుండ్రి మేడం," అంది బాలలక్ష్మి.

"నువ్వే తిను."

"ఆకలి లేదన్నరంటే మీకే మస్తు ఆకలైనట్టు."

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. తరవాత ఆమె మెల్లగా అంది.

"హాస్టల్ల ఎవరో కాయితం రాసిన్రట మేడం. మస్తు రాసిన్రట. మొగిలన్న అంటుండు, గిసుంటి తెలుగు నేనెన్నడు సదువలే అని."

నేను చట్నీ గిన్నెను అటూ ఇటూ జరిపాను. ఆమె నీళ్ల గ్లాసు నా వైపు జరిపి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఆ కాయితం వచ్చినప్పటి సంది గిన్నెలు తోమే సబ్బుతోని పదిమార్లు కడుగుతున్న. కడిగినకొద్దీ పగులుతున్నయి."

ఇడ్లీని ఆమె వైపు జరిపాను. "సగం సగం చేద్దాం."

"మీరే తుంచుండ్రి. నేను తుంచితే మీరు తినరు."

అంత మామూలుగా అంది. కోపం కూడా లేదు. పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినట్టు ఉంది.

"నువ్వే తుంచు," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. పగిలిన వేళ్లతో ఇడ్లీని సమంగా రెండు ముక్కలు చేసి ఒకటి నా ముందు పెట్టింది. తిన్నాను. ఇడ్లీలాగే ఉంది.

"నీది మే నెల," అన్నారు సార్ ఆమెతో, సంతకం పెడుతూ. "ఈమెది మార్చి. రెండు నెలలు పెద్ద. మేడం గీడం వద్దు, అక్కా అను."

ఆ మధ్యాహ్నమే రెండో కాయితం రాశాను. ఈసారి హస్తములు లేవు, అనుమానములు లేవు. 'బాలలక్ష్మి వంటే మాకు కావాలి' అని ఒక్క ముక్క. పద్నాలుగులో పదమూడు సంతకాలు మళ్లీ పడ్డాయి, పద్నాలుగో అమ్మాయి ఊరికి పోయింది. దవాఖాన చర్మం డాక్టరు రాసిచ్చిన కాయితం కూడా శనివారానికి వచ్చింది.

"మొన్నటి కాయితం మీదే, ఇయ్యాలటి కాయితం మీదే," అన్నాడు మొగిలి అన్న. "పటేల్ పట్వారీల కాలంల గూడ ఇన్ని కాయితాలు లేవు."

"ఆ మొదటిది నాకు వాపస్ ఇవ్వన్నా."

"అది లేదమ్మా. ఎటో పోయింది."

నాకు ఆ ఒక్క మాటే ఏడేళ్లు నిద్రలేకుండా చేసింది. ఆ కాయితం ఎవరి దగ్గరుంది? ఏ రోజు ఎవరు తీసి బాలలక్ష్మికి చూపిస్తారు? కింద మొదటి సంతకం నాది.

పది రోజులకు రక్తం లెక్కలు వచ్చాయి. బాలలక్ష్మి విటమిన్ డి పద్నాలుగు. తక్కువే. 'మంచిగున్న' నాది తొమ్మిది.

"పొద్దంత లైబ్రరీల కూసుంటే గిట్లనే ఉంటది," అన్నారు సార్. బాలలక్ష్మి అయితే ఆ అంకెలు ఇప్పటికీ మరిచిపోలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందంటే చాలు, "తొమ్మిది ఉన్నోళ్లు పద్నాలుగు ఉన్నోళ్లకు చెప్తున్నరు," అంటుంది.

ఆ తరవాత సార్ నన్ను పనిలో పెట్టుకున్నారు. "మా తెలుగు ఫారం చదివితే మనిషికి లేని రోగం వస్తది. నువ్వు జర మనిషి భాషల రాయి," అన్నారు. 'రక్తనమూనా సేకరణకు స్వచ్ఛంద అంగీకారము' అని ఉన్న చోట 'మీ చేతి నుంచి చిన్న చెంచాడు రక్తం తీసుకుంటాం. ఇష్టం లేకపోతే వద్దనండి. ఎవరూ ఏమీ అనుకోరు' అని రాశాను. చివరి వాక్యం దగ్గర సార్ పెన్ను ఆగింది.

"నేను అనుకుంట గదా?"

"మనసులో అనుకోండి సార్."

పాత ఫారంలో ఉన్న ఏడు నియమాలూ అలాగే మనిషి భాషలోకి మార్చాను. ఏడోదాన్ని ఇంకా కొంచెం అందంగా రాశాను.

పోయిన ఏడాది ఆషాఢంలో సార్ పోయారు. నిద్రలోనే, ఎవరినీ ఏమీ అడగకుండా. అరవై మూడేళ్లు, పురుషుడు, తార్నాక. జత దొరకని మనిషి.

సంస్మరణ సభకు ముందురోజు వాసంతి మేడం, నేను ల్యాబు గదిలో ఆయన కాయితాలు సర్దుతున్నాం. పరిశోధనకు అనుమతి కోసం కమిటీకి పంపిన ఇంగ్లీషు ప్రతి దొరికింది. అందులో నియమాలున్న పేజీ తీశాను. ఆరు ఉన్నాయి. వెనక్కి తిప్పాను. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.

"మేడం, ఇందులో ఏడో నియమం లేదు."

మేడం అట్టపెట్టెకు తాడు కడుతూనే ఉన్నారు. "ఉండదు."

అప్పుడు తట్టింది నాకు. రక్తం తీసేది ఎనిమిది గంటలకు. ఇడ్లీలు తినేది ఎనిమిదిన్నరకు. గొట్టంలోకి వెళ్లి మంచులో కూర్చున్న రక్తానికి, తరవాత మనం ఏ పళ్లెంలో తింటే ఏమిటి? నూట ఇరవై జతలు, వాళ్లలో ఇద్దరు లెక్చరర్లు, ఒక కెమిస్ట్రీ మాస్టారు, ఒక పోలీసు, పీహెచ్‌డీ చేసిన నేను. ఒక్కరికీ అనుమానం రాలేదు.

మేడం తాడు ముడి బిగించి కూర్చున్నారు. "మొదటి మూడు జతలు వచ్చిన రోజు, మంచిగున్నోళ్లు ముగ్గురు ముగ్గురే బెంచీకి ఈ కొసకు జరిగి కూసున్నరట. అవతలోళ్లు చూసిన్రు, తలకాయ దించుకున్నరు. ఆయన ఇంటికొచ్చి అన్నం ముందల పెట్టుకోని, మనింట్ల పెద్ద పళ్లెం ఉన్నదా అని అడిగిండు."

"మరి ఐదు? కుక్కర్‌లో అన్నే పడతాయని..."

"నాలుగు రేకులు, రేకుకు నాలుగు. పదహారు పడుతయి. పూటకు మూడు జతలు, పదిహేను. మిగిలిన ఒక్కటి ఆయన నాస్తా. నాలుగు పెడితే చెరి రెండు తిని నోరు తెరవకుంట లేచిపోతరు, ఐదు పెడితే ఏదో ఒకటి మాట్లాడాలె గద, అన్నడు. పద్దెనిమిది నెలలు ఒక్క ఇడ్లీ తిని బతికిండు మహానుభావుడు. మధ్యాహ్నం అన్నానికి పులి లెక్క వచ్చేటోడు."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తరవాత అరవై నాలుగో ఫైలు నా చేతికి వచ్చింది. మొదటి కాయితమే నా కాయితం. 'అన్నము పెట్టు హస్తములే' దగ్గర ఎర్ర గీత. మార్జిన్‌లో సార్ రాత: 'భాష బాగున్నది. విషయం తప్పు. మనిషి పనికొస్తది.' దాని కింద ఇంకో వరుస: 'వయసు కనుక్కోవాలె.'

ఏడేళ్లుగా నేను వెతుకుతున్న కాయితం ఇన్నాళ్లూ ఈ ల్యాబు బీరువాలోనే ఉంది. వారానికి మూడు రోజులు ఆ బీరువాకే ఆనుకుని కూర్చుని ఫారాలు రాశాను.

సభకు డిపార్ట్‌మెంటు వాళ్లు యాభై కుర్చీలు వేశారు. జనం ఇద్దరిద్దరుగా రావడం మొదలైంది. రిజిస్టరులో పేరు రాయమంటే అంకె చెబుతున్నారు. "పంతొమ్మిది," అన్నాడు మల్లన్న, పక్కన ఒక రైల్వే ఆయన. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారు. "ఇరవై రెండు," అంటూ యూనిఫారంలో కానిస్టేబుల్, అతని జత. పెళ్లికొడుకు తల్లి, ఆమె జత ఒకరి చేయి ఒకరు పట్టుకుని మెట్లు ఎక్కారు. కుర్చీలు చాలలేదు. లక్ష్మీనర్సయ్య వరండా బెంచీ లోపలికి లాక్కొచ్చాడు. మైకులో ఒక పెద్దమనిషి విటమిన్ డి గురించి మాట్లాడుతున్నాడు, ఎవరూ వినడం లేదు, అందరూ పక్కవాళ్లతో మాట్లాడుకుంటున్నారు.

బాలలక్ష్మి హాస్టల్ నుంచి ఇడ్లీలు చేసి తెచ్చింది. సార్ పదహారో ఇడ్లీ సంగతి రాత్రే ఆమెకు చెప్పాను. ఇప్పుడు ఆ వంటిల్లు మొత్తం ఆమెదే, కింద ముగ్గురు పనిచేస్తారు. చేతులు ఒక ఏడు బాగుంటాయి, ఒక ఏడు ఉండవు. కొంగు కింద దాచడం మాత్రం మానేసింది. పెద్ద స్టీలు పళ్లెంలో ఐదు పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది.

నేను సంచిలోంచి ఆ కాయితం తీశాను.

"బాలలక్ష్మీ, నీకొకటి చెప్పాలి. అప్పట్లో కంప్లెయింటు..."

"నువ్వే రాసినవు."

మడత విప్పబోయిన కాయితాన్ని మళ్లీ మడిచాను.

"మొగిలన్న నా చేతికే ఇచ్చిండు, డాక్టర్‌కు సూపియ్యి అని. నేనే తీస్కపోయి సార్‌కు ఇచ్చిన, నువ్వెట్లుంటవో చెప్పిన. మొదటి సంతకం నీదే గదక్కా. నాకు సదువచ్చు."

"మరి ఆ రోజు బెంచీ మీద, నేనని తెలిసే..."

"సార్ చెప్పిండు. ఆమెకు భయం రోగం ఉన్నది, నీకంటే గట్టిది, నువ్వే జర సముదాయించు అన్నడు."

"అంటే రోగిని నేనా?"

"మరి? తొమ్మిది ఎవరిది?"

ఏడేళ్ల బరువు అలా, చట్నీ గిన్నె పక్కన, ఒక్క మాటకు దిగిపోయింది. కళ్లు తుడుచుకోబోయి చూస్తే నవ్వుతున్నాను. "నన్ను కొట్టాలనిపించలేదా ఆ రోజు?"

"అనిపించింది. కని పరగడుపున రమ్మన్నడు గద. మస్తు ఆకలైంది."

చెరి రెండూ అయిపోయాయి. ఐదోది మధ్యలో మిగిలింది. బాలలక్ష్మి నా వైపు చూసింది.

"నువ్వే తుంచు," అన్నాను.

"ఈసారి తుంచేది లేదు," అని ఆమె ఇడ్లీ తీసుకుని లేచింది. వెళ్లి దండ వేసిన సార్ ఫోటో ముందు, నాలుగు పెన్నుల జేబుకు సరిగ్గా కింద, చిన్న గిన్నెలో పెట్టి వచ్చింది. "పదహారోది," అంది కూర్చుంటూ. "పాపం, నాస్తా చెయ్యలే."